బాబాయి కొనుక్కున్న వారం

మా బాబాయి పెద్దకర్మ అయిన నాలుగు రోజులకి పిన్ని బీరువాలోంచి ఒక పొడుగాటి నోటుపుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. “ఇది నీకైతే తెలుస్తుంది, చూడు నాన్నా” అని వంటింట్లోకి వెళ్లిపోయింది. అట్ట మీద బాబాయి గుండ్రటి చేతిరాతలో ‘విహారం’ అని ఉంది. లోపల స్కేలు పెట్టి పెన్సిల్‌తో గీసిన పట్టిక. 2006 నుంచి 2030 దాకా ఇరవై అయిదు వరసలు. సంవత్సరం, కట్టిన మెయింటెనెన్స్, వెళ్లిన ఊరు, ఉన్న రాత్రులు. మెయింటెనెన్స్ గడి పద్నాలుగు వరసల్లో నిండి ఉంది. ఊరి పేరు ఆరింటిలోనే ఉంది. 2019 తర్వాత ఉత్త పెన్సిల్ గీతలు.

ఆయన తెనాలిలో ఒక ఎయిడెడ్ జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. ఇంటర్ పిల్లలకి శ్రేఢులూ సంభావ్యతా చెప్పీ చెప్పీ జుట్టు నెరిసిన మనిషి. బజార్లో కూరగాయలవాడు తక్కెడ దించేలోపే మొత్తం ఎంతో చెప్పేసేవాడు. అలాంటివాడు పాతికేళ్ల టైమ్‌షేర్, అంటే ఏటా ఒక వారం రిసార్టులో ఉండే హక్కు, కొని మోసపోయాడంటే బంధువుల్లో కొందరు నవ్వారు. లెక్క తెలియక కొన్నాడని ఎవరూ అనుకోకూడదనే ఇది రాస్తున్నాను. కొన్న రోజు పక్కన నేను కూడా ఉన్నాను.

2005 నవంబరు. విజయవాడలో ఒక ఎగ్జిబిషన్‌లో పిన్ని పేరు మీద లక్కీ డిప్ కూపన్ రాసి వేశారు. వారం తిరక్కుండానే ఫోను. మీకు బహుమతి వచ్చింది, బందరు రోడ్డులోని ఫలానా హోటల్‌కి ఆదివారం రండి, భార్యాభర్తలిద్దరూ కలిసే రావాలి అని. ఆ ‘ఇద్దరూ కలిసే’ అన్న షరతుకి అర్థం నాకు చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. ఒక్కరే వస్తే ‘ఇంట్లో అడిగి చెప్తాను’ అని లేచి వచ్చేస్తారు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే ఆ మాటకి చోటుండదు. అప్పుడు నాకు విజయవాడలో కొత్తగా ఉద్యోగం. బస్టాండులో వాళ్లని ఎక్కించుకుని నేనే తీసుకెళ్లాను.

ఏసీ హాలు, గుండ్రటి బల్లలు, చిన్నగా వినిపిస్తున్న పాటలు. టై కట్టుకున్న కుర్రాడు బాబాయిని ‘సార్’ అనీ పిన్నిని ‘మేడమ్’ అనీ పిలుస్తూ, ముందు వాళ్ల గురించే అడిగాడు. పెళ్లయి ఎన్నేళ్లయింది? కలిసి ఎక్కడెక్కడికి వెళ్లారు? బాబాయి ఒక్క క్షణం ఆగి, “తిరుపతి, అన్నవరం, శ్రీశైలం” అన్నాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో అంతే. మా మేనత్తలిద్దరి పెళ్లిళ్లు, తాతయ్య వైద్యం, ఇంటి అప్పు అన్నీ ఆయన జీతం మీదే నడిచాయి. పిన్ని ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అననందుకే ఆయనకి అది బాకీలాగా మిగిలిపోయింది. “మీ పిన్నికి ఒక్కసారైనా కొండల మీద మంచు చూపించాలిరా” అని నాతో చాలాసార్లు అన్నాడు. ఆ కుర్రాడికి కావలసింది ఆ మూడు పుణ్యక్షేత్రాల పేర్లతోనే దొరికింది.

తర్వాత తెల్లకాగితం మీద లెక్క. ఊటీలో మంచి గది ఇవాళ రెండు వేలు, పదేళ్లకి నాలుగు వేలు, ఇరవై ఏళ్లకి ఎనిమిది వేలు. ఏడాదికి ఏడు రాత్రుల చొప్పున పాతికేళ్లకి నూట డెబ్బై అయిదు రాత్రులు. కూడితే తొమ్మిది లక్షలు దాటింది. దాని పక్కన మెంబర్‌షిప్ ధర 1,98,000 అని రాసి చుట్టూ సున్నా చుట్టాడు. బాబాయి ఆ కూడిక చూశాడు. తప్పు లేదు. ఆ కాగితం మీద లేనిదేమిటో మా ముగ్గురిలో ఎవరమూ అడగలేదు. హోటల్ అద్దె పదేళ్లకోసారి రెట్టింపయితే ఏటా కట్టే మెయింటెనెన్స్ కూడా అలాగే పెరగదా? ఏడు రాత్రులూ ప్రతి ఏడూ వాడుకుంటామని ఎవరు చెప్పారు? ఆ డబ్బు వేరేచోట ఉంటే ఏమవుతుంది?

మూడో ప్రశ్న పిన్ని మనసులో ఉంది. డౌన్ పేమెంట్ ముప్పై వేలు ఆవిడ కిసాన్ వికాస్ పత్రాలు కొందామని దాచినవి. పోస్టాఫీసులో అప్పట్లో ఎనిమిదేళ్ల ఏడు నెలలకి రెట్టింపు వచ్చేది. బల్ల కింద బాబాయి చేతిని తాకి, “ఒకసారి ఆలోచించుకుందాం” అంది. ఈ ధర ఈ ఒక్క రోజుకే అన్నాడు కుర్రాడు. బాబాయి నా వైపు చూశాడు. “మంచిదే బాబాయ్, తీసుకో” అన్నాను. ఆ మాట నాదే. అప్పటినుంచీ మోస్తున్నాను.

మిగిలిన 1,68,000కి నెలకి 4,354 చొప్పున నలభై ఎనిమిది వాయిదాలు. అంటే వడ్డీతో కలిపి మెంబర్‌షిప్ 2,39,000 అయింది.

ఈ టైమ్‌షేర్ ఏర్పాటు మొదట పుట్టింది యూరప్‌లో. 1963లో స్విట్జర్లాండ్‌లో హపిమాగ్ అనే సంస్థ సభ్యులు పెట్టిన డబ్బుతో విడిది ఇళ్లు సమకూర్చి, అందరూ వంతులు వేసుకుని వాడుకునే పద్ధతి తెచ్చింది. 1967లో ఫ్రాన్స్ ఆల్ప్స్‌లో సూపర్‌దెవొలుయి అనే మంచుక్రీడల ఊళ్లో, ఏటా గది అద్దెకి తీసుకునే బదులు ఆ వారాన్నే కొనుక్కోండని అమ్మారు. 1974లో అమెరికాలో ఆర్‌సీఐ మొదలై, మన వారం ఒకరికిచ్చి వేరే ఊళ్లో ఇంకొకరి వారం తీసుకునే మారకాన్ని పెంచింది. మనకి ఎనభైల్లో వచ్చింది. ఆలోచనలో చెడ్డతనమేమీ లేదు. మా డెల్టాలో కాలవ నీళ్లకి వారబందీ పెట్టుకోవడం లాంటిదే. ఒకడే మొత్తం కాలవ తవ్వుకోలేడు, నలుగురూ కలిసి వంతులు వేసుకుంటారు. కానీ డెల్టాలో పుట్టినవాడికి ఇంకో సంగతి కూడా తెలుసు. వారబందీలో శివారు పొలం అని ఒకటి ఉంటుంది. నీటి తీరువా అందరితో సమానంగా కడతాడు శివారు రైతు. వంతు కూడా వస్తుంది. నీళ్లు మాత్రం రావు.

బాబాయి కొన్నది శివారు పొలం. సీజన్లకి రంగులుంటాయి. రద్దీ రోజులు రెడ్, మధ్యస్థం వైట్, ఎవరూ రానివి బ్లూ. రెడ్ ధర అందక ఆయన వైట్ కొన్నాడు. తేడా డబ్బు కట్టి ఎప్పుడైనా మార్చుకోవచ్చు సార్ అన్నారు. కానీ ఇంటర్ లెక్చరర్‌కి తీరిక ఎప్పుడు? మార్చిలో పరీక్షలు, ఆ తర్వాత స్పాట్ వాల్యుయేషన్, అది అయ్యాక మే నెల. కొండ ఊళ్లలో మే నెలంతా రెడ్. దసరా సెలవులు రెడ్. సంక్రాంతి కూడా రెడ్. వైట్ రోజులన్నీ వానాకాలంలో, కాలేజీ ముమ్మరంగా నడిచే రోజుల్లో పడ్డాయి. తన తీరికకీ తను కొన్న వారానికీ ఎక్కడా ముడి పడదని, ఉమ్మడి బిందువు లేని రెండు వృత్తాల్లాంటివని, మొదటి సంవత్సరమే ఆయనకి అర్థమైంది. పిన్నికి చెప్పలేదు.

2006 ఆగస్టులో మెడికల్ లీవు పెట్టి ఊటీ వెళ్లారు. ఆ ప్రయాణం గురించి ఎన్నిసార్లు చెప్పినా పిన్నికి తనివి తీరదు. సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై, అక్కడినుంచి రాత్రి బండిలో మేట్టుపాళయం, తెల్లవారి పళ్ల చక్రాల చిన్న రైలు. స్టీలు డబ్బాలో పులిహోర, సీసాలో గోంగూర పచ్చడి, పొట్లం కట్టిన కందిపొడి. గదికి వంటగది ఉంటుందని చెప్పారు కదా అని పిన్ని చిన్న కుక్కరు కూడా మోసుకెళ్లింది. నిజంగానే ఉంది. ఒక గ్యాసు పొయ్యి, నాలుగు గ్లాసులు, కిటికీలోంచి పచ్చటి లోయ. మొదటి పొద్దున పొగమంచు కిటికీ దాకా వచ్చి అద్దానికి ఆనుకుంది. బాబాయి పిన్నిని లేపి, శాలువా కప్పి, తలుపు తీసి బయట నిలబెట్టాడు. “చెయ్యి చాపితే చెయ్యి కనపడలేదు నాన్నా” అంటుంది పిన్ని ఇప్పటికీ కుడి చెయ్యి చాపి చూపిస్తూ. “పక్కన ఉన్నారని చలికి పళ్లు కొట్టుకునే చప్పుడు బట్టే తెలిసింది.” ఆరు రాత్రులు ఉన్నారు. ఆ ఆరు రాత్రుల వెల కట్టమంటే నా వల్ల కాదు. ఆ తర్వాతి వాటికి కట్టగలను.

2007లో మున్నార్, అయిదు రాత్రులు. 2008లో ఫోన్ చేసిన ప్రతిసారీ గదులు లేవన్నారు. వాడుకోని రాత్రుల్ని మరుసటి ఏడాదికి మార్చారు గానీ దాచుకోవడానికీ ఒక హద్దుంది. అది దాటినవి రాలిపోయాయి. 2009లో కొడైకెనాల్ నాలుగు రోజులు. గదిలో పొయ్యి తీసేశారు. బయటి తిండి లోపలికి తేకూడదన్నారు. ఊరు చూస్తే ఏడు కిలోమీటర్ల దూరం, కారు వాళ్లదే. హోటల్ గది లెక్క వేసేటప్పుడు మనవాళ్లు మర్చిపోయేది ఈ తిండి ఖర్చే. ఊరి మధ్య మామూలు లాడ్జిలో దిగితే సందు చివర ఇడ్లీ దొరుకుతుంది. కొండ మీద ఒంటరి రిసార్టులో దిగితే వాళ్లు పెట్టిన ధరకే మూడు పూటలూ తినాలి. ఆ నాలుగు రోజుల తిండి బిల్లు బాబాయి పట్టిక అంచున ఎర్ర సిరాతో రాసుకున్నాడు. ఆ ఊళ్లో గది అద్దె కంటే అది ఎక్కువ.

2010లో మా చెల్లి పెళ్లి. 2011లో బాబాయి తన వారాన్ని కూతురికీ అల్లుడికీ గోవాలో ఇప్పించాడు. గెస్టు రుసుము విడిగా కట్టాడు. “అయిదు రాత్రులకి ఎంతయింది మామయ్యగారూ?” అని అల్లుడు మర్యాదకి అడిగితే, “మనదేగా బాబూ, ఏమీ కాలేదు” అన్నాడు. 2014లో పుదుచ్చేరి మూడు రాత్రులు. అప్పటికి పిన్ని మోకాళ్లు మొరాయించాయి. మిగిలిన ఏళ్లలో మెయింటెనెన్స్ బిల్లు మాత్రమే వచ్చింది. మొదట్లో 6,900 ఉన్నది ఏటా కాస్త కాస్త పెరిగింది. దాని మీద సర్వీసు ట్యాక్సు, 2017 జూలై నుంచి 18 శాతం జీఎస్‌టీ. వెళ్లినా వెళ్లకపోయినా కట్టాలి. కట్టకపోతే బుకింగ్ తెరవరు, పైగా వడ్డీ.

ఒక సాయంత్రం కూర్చుని నేను ఆ పట్టికని మొత్తం కూడి చూశాను. పద్నాలుగేళ్ల మెయింటెనెన్స్ 1,71,000. మెంబర్‌షిప్పూ, వాయిదాల వడ్డీ కూడా కలిపితే 4,10,000. ఉన్న రాత్రులు 29. రాత్రికి పద్నాలుగు వేల పైచిలుకు. ఆ ఆరు ప్రయాణాల్లో, ఆయా ఊళ్లలో, ఆయా సంవత్సరాల్లో నలుగురు పట్టే శుభ్రమైన గది సగటున మూడు వేలనుకున్నా మొత్తం 87,000తో అయిపోయేది. ప్రతి ఏడూ ఏడేసి రాత్రులు వదలకుండా వాడుకుని ఉంటే? 98 రాత్రులు, రాత్రికి నాలుగు వేల రెండు వందల దగ్గర తేలేది. అంటే ఒక్క రాత్రి కూడా వృథా కాకపోయినా మంచి హోటల్ ధరే. ఇందులో పోస్టాఫీసు వడ్డీ కలపలేదు. డౌన్ పేమెంట్‌కి పోయిన ఆ ముప్పై వేలు పిన్ని అనుకున్నట్టు పత్రాల్లో ఉంటే 2014 నడిమికి అరవై వేలు అయ్యేది. అది ఇంకోసారి రెట్టింపయ్యే దారిలో ఉన్నప్పుడు బాబాయి పోయాడు.

ఈ లెక్క అందరికీ ఇలాగే తేలుతుందని అనను. నాకు తెలిసిన ఒకాయన రెడ్ సీజన్ కొన్నాడు. సొంత వ్యాపారం, ఎప్పుడంటే అప్పుడు తీరిక. బుకింగ్ తెరిచిన పొద్దునే ఫోన్ పట్టుకుని కూర్చుంటాడు, అన్నదమ్ముల కుటుంబాలతో ఏటా పోతాడు, ఒక్క రాత్రి వదలడు. పిల్లలు చదువుకునే వయసులో రెండు గదుల ఇల్లు లాంటి విడిది దొరకడం ఆయనకి కలిసొచ్చింది. కాలవ మొదట్లో పొలం ఉన్నవాడు వారబందీని తిట్టడు. నా బాధల్లా, శివారు పొలాన్ని శివారు అని చెప్పి అమ్మకపోవడం గురించే.

వేరే దేశాల్లో ఈ బాధ ముందే పడ్డారు. స్పెయిన్‌లో సముద్రం ఒడ్డున వారాలు కొన్న బ్రిటన్ జంటలు ముసలివాళ్లయ్యాక, ఎప్పటికీ తీరని మెయింటెనెన్స్ తమ పిల్లల మెడకి చుట్టుకుంటుందని బెంగపడ్డారు. స్పెయిన్ 1998 చట్టం ఒప్పందానికి గరిష్ఠంగా యాభై ఏళ్ల గడువు పెట్టింది. గడువు లేని ఒప్పందాలు చెల్లవని 2015లో ఆ దేశ సుప్రీంకోర్టు తేల్చింది. యూరప్ 2008 నిబంధనల ప్రకారం కొన్న 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు, అప్పటిదాకా ముందస్తు డబ్బు తీసుకోవడానికి వీల్లేదు. అమెరికాలో ఉచిత టికెట్ల కోసం ఒర్లాండోలోనో లాస్ వేగాస్‌లోనో గంటన్నర కూర్చుని సంతకం పెట్టి లేచిన మనవాళ్లకి ఈ కథ చెప్పనక్కర్లేదు. వేల డాలర్లు పోసి కొన్న వారాన్ని ఒక్క డాలరుకి తీసుకోండని ప్రకటనలిచ్చినవాళ్లు అక్కడ ఉన్నారు.

మనకి టైమ్‌షేర్ కోసమే చేసిన చట్టం లేదు. మనదగ్గర కూలినవి ఇంకోరకంగా కూలాయి. ముంబయిలోని పాన్‌కార్డ్ క్లబ్స్ హోటల్ గది రాత్రుల్ని ముందుగా అమ్మింది. వాడుకోకపోతే గడువు తీరాక సరెండర్ విలువ ఇస్తామంది. జనం రాత్రుల కోసం కాదు, ఆ విలువ కోసం డబ్బు పెట్టారు. అనుమతి లేకుండా నడుపుతున్న సామూహిక పెట్టుబడి పథకం ఇదని సెబీ 2014 జూలైలో అడ్డుకుంది. 2016 ఫిబ్రవరి 29న 7,035 కోట్లు తిరిగి ఇవ్వమంది. పెట్టినవాళ్లు 51 లక్షల మంది. ఆ 51 లక్షల్లో ఎందరు తమ ఇంటావిడకి మంచు చూపించాలనుకున్నారో, ఎందరు కూతురి పెళ్లికి దాచుకున్నారో ఏ ఆర్డరులోనూ ఉండదు. బాబాయి ఆ వార్త పేపర్లో చదివి కత్తిరించి నోటుపుస్తకంలో పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకున్నాడో నాకు తెలుసు. తన కంపెనీ అలాంటిది కాదు, రిసార్టులు నిజంగా ఉన్నాయి, వాటిలో తను నిజంగా పడుకున్నాడు. ఆ కాగితం చూసుకుని ఆయన కొంచెం ధైర్యం తెచ్చుకుని ఉంటాడు.

రిటైరయ్యాక ఆయనకి వైట్ సీజన్ నప్పింది. ఇక కాలేజీ లేదు, వానాకాలమైనా వెళ్లొచ్చు. పిన్ని ఒక మోకాలికి ఆపరేషన్ చేయించుకుంది. 2019 సెప్టెంబరులో ఇద్దరూ మళ్లీ కొడైకెనాల్ వెళ్లి ఆరు రాత్రులు ఉండి వచ్చారు. నోటుపుస్తకంలో ఆ వరస పక్కన చిన్న అక్షరాలతో ‘మంచు ఉంది’ అని రాసుకున్నాడు. మిగిలిన పదకొండేళ్లూ ఇలా వాడితే రాత్రి ఖరీదు ఎంతకి దిగుతుందో వెనక పేజీలో లెక్క వేశాడు. ఏడాది ఏడాదికీ దిగుతూ వచ్చే శ్రేఢి. చివరి అంకె కింద రెండు గీతలు కొట్టాడు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. రిసార్టులు మూతపడ్డాయి. మెయింటెనెన్స్ బిల్లు వచ్చింది. మొదటిసారి ఆయన కట్టలేదు. “గది తలుపు తీయకుండా ఊడ్చినదానికి ఎందుకురా కట్టాలి?” అని ఫోన్‌లో అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. 2021 మేలో, రెండో వేవ్‌లో, గుంటూరులో ఆక్సిజన్ మీద తొమ్మిది రోజులు ఉండి పోయాడు. ఇరవై రెండేళ్ల బాకీ తీరుద్దామని ఆయన పాతికేళ్లు కొన్నాడు. ఏ మే నెల కోసం పదేళ్లు బతిమాలాడో ఆ నెలలోనే వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు మెంబర్‌షిప్ పిన్ని పేరుకి మార్చమని నేను అడిగాను. ముందు రెండేళ్ల బకాయి, దాని వడ్డీ, బదిలీ రుసుము కట్టాలన్నారు. వదిలేసుకుంటామంటే, మిగిలిన సంవత్సరాలకి వాళ్ల పద్ధతిలో లెక్కగట్టిన విలువ బకాయిలకే సరిపోయిందన్నారు. 2019 వినియోగదారుల చట్టంలో అన్యాయమైన ఒప్పందాల మీద రాష్ట్ర కమిషన్‌కి వెళ్లే వీలుందని పిన్నికి చెప్పాను. కాసేపు ఆలోచించింది. “వద్దు నాన్నా. అక్కడ ఆ కాగితాలన్నీ తీసి, ఆయన్ని ఎలా మోసం చేశారో అందరి ముందూ చదువుతారు కదా. ఆయనకి ఇష్టముండదు” అంది. వదులుకుంటున్నట్టు రాసిన కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు, కళ్లజోడు పెట్టుకుని, ఇంగ్లీషులో ఉన్న ప్రతి లైను కిందా వేలు పెట్టి చదివించుకుంది. ఆ రోజు బందరు రోడ్డులో చేయనిది ఇదొక్కటే.

మొన్న డిసెంబరులో పిన్నినీ మా చెల్లినీ అరకు తీసుకెళ్లాను. విశాఖలో పొద్దున కిరండూల్ రైలెక్కాం. సొరంగాలు వచ్చినప్పుడల్లా పిన్ని చిన్నపిల్లలా లెక్కపెట్టింది. రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో చిన్న హోటల్, కింద టిఫిన్ సెంటరు. కౌంటర్ దగ్గర డబ్బు కడుతుంటే వెనక నిలబడి అడిగింది.

“ఎంతట?”

“రెండు వేల రెండు వందలు పిన్నీ, రోజుకి.”

“మరి వచ్చే ఏడు రాకపోతే?”

“రాకపోతే ఏముంది, రాము. అంతే.”

“ఏమీ కట్టక్కర్లేదా?”

“అక్కర్లేదు.”

ఆవిడ ఇంకేం అనలేదు. మెట్ల రెయిలింగ్ పట్టుకుని నెమ్మదిగా పైకి వెళ్లింది. తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చేసరికి గది తలుపు బార్లా తీసి ఉంది. వరండాలో శాలువా కప్పుకుని, మంచులోకి కుడి చెయ్యి చాపి నిలబడి ఉంది పిన్ని.